బుల్‌పప్ చేతికొచ్చిన కొత్తలో

పాఠకుల ప్రశ్నలు – పి.టి. మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది ఆమదాలవలస. పన్నెండేళ్లుగా స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌తో కాగితం టార్గెట్లు కొట్టడం నా సరదా. పోయిన నెల డబ్బులు కూడబెట్టుకుని బుల్‌పప్ అనే కురచ రకం పి.సి.పి. ఎయిర్ రైఫిల్, అంటే సిలిండర్లో ముందే గాలి నింపి పెట్టుకునేది, కొన్నాను. పాత దానితో పది మీటర్లలో రూపాయి బిళ్ళంత జాగాలో ఐదు పెల్లెట్లూ (సీసపు గుండ్లు) పడేవి. దీనితో అన్నీ కిందికే పోతున్నాయి. స్కోపు (గురి చూసే దుర్భిణి) మరలు తిప్పి పది మీటర్లకి సరిచేసుకుంటే, 25 మీటర్లలో బెత్తెడు పైకి పోతున్నాయి. ట్రిగ్గరు కూడా మెత్తగా ఉంది, ఎక్కడ తెగి పెల్లెట్ వదులుతుందో తెలియడం లేదు. లోపం తుపాకీదా, నాదా? వచ్చిన కాడికి అమ్మేయమంటారా?

జవాబు: అమ్మకండి బాబూ. మీ తుపాకీకీ ఏమీ కాలేదు, మీ చేతికీ ఏమీ కాలేదు. ఏడాది కిందట ఇదే తుపాకీ రకంతో, ఇదే పది మీటర్ల దగ్గర, నేనూ ఇలాగే తల పట్టుకుని కూర్చున్నాను.

నేను విజయనగరం ఎం.ఆర్. కాలేజీలో చదివే రోజుల్లో ఎన్.సి.సి.లో పాయింట్ 22 రైఫిల్ పట్టినవాణ్ణి. అంతకు ముందు పైడితల్లి అమ్మవారి జాతరలో బుడగలు కొట్టే అంగడి దగ్గర, నాన్న జేబులో చిల్లర అయిపోయేదాకా కదిలేవాణ్ణి కాదు. ఇన్నేళ్ల అలవాటుందని ధీమాగా బుల్‌పప్ కొన్నాను. గజపతినగరం దగ్గర మా బావగారి మామిడి తోటలో, ఇసుక నింపిన గోనె సంచులు మూడు వరసలు గోడలా పేర్చి, దాని ముందు టార్గెట్ పెట్టుకున్నాను. సంచుల వెనక ఎత్తైన మట్టి కట్ట ఉంది. అది లేకపోతే అక్కడ తుపాకీ తీసేవాణ్ణే కాదు.

మా ఆవిడ కుట్టు మిషను టేపు తెచ్చి కొలిచాను. పాత రైఫిల్ 109 సెంటీమీటర్లు, కొత్తది 76. అలాగని బ్యారెల్ ఏమీ కురచది కాదు. మామూలు రైఫిల్లో ట్రిగ్గరు వెనక ఉంటుంది, పెల్లెట్ ఎక్కే చోటు, కొట్టే యంత్రం దానికి ముందు ఉంటాయి. భుజానికి ఆనించే బట్ అంతా ఉత్త కర్ర. బుల్‌పప్‌లో ఆ యంత్రాన్నంతా బట్‌లోకి నెట్టేసి, ట్రిగ్గరుని ముందుకు తెచ్చారు. బ్యారెల్ పొడవు తగ్గకుండానే తుపాకీ కురచైంది. వాహనాల్లోంచి దిగేటప్పుడు, ఇరుకు సందుల్లో తిరిగేటప్పుడు అడ్డం రాకూడదని సైన్యాలు ఈ పద్ధతి పట్టుకున్నాయి. ఆస్ట్రియా వాళ్ల స్టేయర్ ఆగ్, ఫ్రాన్స్ వాళ్ల ఫామాస్, బ్రిటన్ వాళ్ల ఎస్.ఎ. 80 అన్నీ ఈ కోవలోవే. మన ప్రత్యేక దళాల చేతుల్లో కనిపించే ఇజ్రాయెల్ టావోర్ కూడా అంతే.

మొదటి పెల్లెట్ వదిలాక నాకు తెలియకుండానే నవ్వొచ్చింది. స్ప్రింగ్ రైఫిల్ లోపల బరువైన పిస్టన్ పరిగెడుతుంది కాబట్టి ఆ తుపాకీ ముందుకీ వెనక్కీ ఎగురుతుంది. పి.సి.పి.లో గాలి ముందే సిలిండర్లో ఉంటుంది. వాల్వు తెరుచుకుంటుంది, పెల్లెట్ వెళ్లిపోతుంది, అంతే. భుజానికి ఏమీ తెలియదు, స్కోపులో చుక్క కదలదు, కాగితం మీద చిల్లు పడడం కళ్ళారా కనిపిస్తుంది. కాకపోతే యంత్రం చెంప కిందే ఉంది కాబట్టి ‘టప్’ మన్న చప్పుడు నేరుగా చెవి పక్కనే వినిపిస్తుంది. బరువంతా భుజం వైపు ఉండడం వల్ల ఎడమ చేతికి తుపాకీ తేలిగ్గా, పట్టు దొరకనట్టు అనిపించింది. అది అలవాటవడానికి నాకు వారం పట్టింది.

ఇక అన్నీ కిందికి పడడం గురించి. నేను కూడా మీలాగే స్కోపు తిప్పాను, మళ్ళీ తిప్పాను, పొద్దున్నించి మధ్యాహ్నం దాకా అరవై పెల్లెట్లు తగలేశాను. అప్పుడు ఒక పాత శుభలేఖ వెనక స్కేలుతో రెండు గీతలు గీసుకుంటే విషయం బోధపడింది. బుల్‌పప్‌లో బట్ బ్యారెల్‌తో సమానంగా తిన్నగా ఉంటుంది, కిందికి వంపు ఉండదు. చెంప ఆనించాక కన్ను బ్యారెల్ కంటే చాలా ఎత్తులో ఉంటుంది కాబట్టి స్కోపునీ ఎత్తుగానే బిగించాలి. నా దానిలో బ్యారెల్ మధ్య నుంచి స్కోపు మధ్యకి సరిగ్గా 7 సెంటీమీటర్లు. పెల్లెట్ బయల్దేరడమే చూపు గీతకి 7 సెంటీమీటర్ల కింద నుంచి బయల్దేరుతుంది. ఆ గీతని అందుకోవడానికి దానికి కొంత దూరం కావాలి కదా! పాత రైఫిల్లో ఈ ఎత్తు తక్కువ కాబట్టి పది మీటర్లకీ, 25 మీటర్లకీ పెద్ద తేడా కనిపించేది కాదు.

నేను వాడే పెల్లెట్ బరువు 8.44 గ్రెయిన్లు, అంటే అర గ్రాము పైచిలుకు. విశాఖలో ఉన్న స్నేహితుడి దగ్గర వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ అడిగి తెచ్చి చూస్తే సెకనుకి 250 మీటర్ల వేగం వచ్చింది. ఆ వేగంతో 25 మీటర్లకి జీరో చేసుకుంటే, అంటే ఆ దూరంలో గురి పెట్టిన చోటే పడేలా స్కోపు సరిచేసుకుంటే, 20 మీటర్లలో అర సెంటీమీటరు, 15 మీటర్లలో ఒకటిన్నర, 10 మీటర్లలో దాదాపు 3 సెంటీమీటర్లు కిందికి పడుతున్నాయి. అదే పది మీటర్లకి జీరో చేస్తే 25 దగ్గర 7 సెంటీమీటర్లు పైకి పోతుంది. మీరు రాసిన బెత్తెడు సరిగ్గా అదే! అందుకే మీ ఉత్తరం చదవగానే లోపం లేదని తేలిపోయింది.

కాబట్టి 25 మీటర్లకి ఒకసారి జీరో చేసి స్కోపు మరల మీది టోపీలు బిగించేయండి, మళ్ళీ ముట్టుకోకండి. తర్వాత ఐదేసి మీటర్లు దగ్గరికి జరుగుతూ, ఒక్కో దూరంలో ఐదేసి పెల్లెట్లు కొట్టి, ఎంత కిందికి పడ్డాయో మీ స్కేలుతో మీరే కొలిచి ఒక చీటీ మీద రాసుకోండి, ఆ దూరంలో అంత పైకి గురి పెట్టొచ్చు. నా చీటీ బట్‌కి అంటించే ఉంది. నా అంకెలు మీకు అచ్చంగా సరిపోవు. మీ స్కోపు ఎత్తు, మీ పెల్లెట్ బరువు వేరు. ఇంకొకటి, కురచ తుపాకీ భుజంలో పక్కకి ఒరిగినా మనకి తెలియదు. ఐదు డిగ్రీలు ఒరిగితే 25 మీటర్లలో అర సెంటీమీటరు పక్కకి పోతుంది. స్కోపు మీద చిన్న నీటి బుడగ లెవెల్ బిగించుకోండి. మేస్త్రీలు వాడే రసమట్టం లాంటిదే, వేలి గోరంత ఉంటుంది.

ట్రిగ్గరు సంగతి వేరు. అక్కడ మీ ఫిర్యాదు న్యాయమైనదే. ట్రిగ్గరు ముందుంది, అది తెంపాల్సిన కొక్కెం వెనక బట్‌లో ఉంది. మధ్యలో పొడుగాటి కడ్డీ ఒకటి ఆ పని చేస్తుంది. ఆ కడ్డీ కాస్త వంగినా, కీళ్ళ దగ్గర కాస్త వదులున్నా వేలికి మెత్తగా తగులుతుంది. బుల్‌పప్‌లన్నిటికీ ఎంతో కొంత ఉన్న బాధే ఇది. మరలు తిప్పేసి బాగా తేలిక చేసుకోవాలని చూడకండి. తుపాకీ కింద పెట్టినప్పుడు దానంతట అదే పేలే ప్రమాదం ఉంది. మా ఎన్.సి.సి. ఉస్తాద్ రైఫిల్ బ్యారెల్ మీద పైసా బిళ్ళ నిలబెట్టి ట్రిగ్గరు నొక్కమనేవారు. తెగే క్షణం దాకా బిళ్ళ కదలకూడదు. నలభై ఏళ్ల తర్వాత మామిడి చెట్టు కింద కూర్చుని, రూపాయి బిళ్ళతో మళ్ళీ అదే పని చేశాను. మొదట వేలికి వదులుగా నడిచి, ఒక చోట గోడ తగిలినట్టు ఆగుతుంది. అక్కడ ఆగి, ఊపిరి సగం వదిలి, ఆ తర్వాత మెల్లగా. మూడో రోజుకి ఆ గోడ ఎక్కడుందో వేలికి తెలిసిపోయింది.

మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేని మాట ఒకటుంది. రెండో రోజు మా బావగారు వెనక నుంచి “భోజనానికి లే బావా” అని పిలిచారు. తల తిప్పాను. తుపాకీ కురచ కదా, భుజంతో పాటు గొట్టం కూడా తిరిగిపోయింది. పాత పొడుగు రైఫిల్ అయితే టేబుల్ అంచుకో, సంచికో తగిలి ఆగేది. ఇది దేనికీ తగల్లేదు. వేలు ట్రిగ్గరు మీద లేదు, పెల్లెట్ ఎక్కించే సైడ్ లివర్ తెరిచే ఉంది. అయినా నాకు అన్నం సయించలేదు. గొట్టం చివర ఎడమ చేతికి ఎంత దగ్గరగా ఉంటుందో కూడా చూసుకోండి, వేళ్ళు దాన్ని దాటి ముందుకు పోకూడదు. ఆ రోజు నుంచి ఎవరైనా పిలిస్తే ముందు పెల్లెట్లు ఉండే మ్యాగజైన్ తీసి, లివర్ తెరిచి, తుపాకీని ఇసుక సంచుల వైపే పెట్టి, ఆ తర్వాతే తల తిప్పుతున్నాను. భోజనం చేసి వచ్చాక, లోపల పెల్లెట్ ఉందో లేదో గుర్తులేక లివర్ రెండోసారి లాగితే ఒకదాని వెనక ఒకటి రెండు పెల్లెట్లు ఎక్కేస్తాయి. నాకు అదీ జరిగింది. మొద్దుబారిన చప్పుడు వచ్చి, రెండూ టార్గెట్ కింద ఇసుకలో దిగాయి.

గాలి విషయం. చేతి పంపుతో సిలిండర్లో గాలి ఒత్తిడిని 120 బార్ నుంచి 200 బార్‌కి తేవడానికి నాకు 130 దెబ్బలు పట్టాయి. యాభై కొట్టగానే ఆపండి, పంపు గొట్టం చేత్తో పట్టుకోలేనంత కాలుతుంది. చల్లారనిచ్చి మళ్ళీ మొదలుపెట్టండి. మనది సముద్రపు గాలి తగిలే జిల్లా, ఉప్పు డబ్బా మూత తీసి పెడితే సాయంత్రానికి చెమ్మగిల్లుతుంది. ఆ తేమంతా సిలిండర్లోకి పోతే లోపల తుప్పే. పంపుకి సిలికా జెల్ ఫిల్టర్ పెట్టండి, గింజలు రంగు మారితే మార్చేయండి. వాషర్లు బిగుసుకున్నాయని కొబ్బరి నూనో, మిషను నూనో వేయకండి. అంత ఒత్తిడిలో వేడెక్కిన గాలికి నూనె తగిలితే అంటుకుంటుంది. సిలికాన్ గ్రీజు ఒక్కటే వాడాలి. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ నింపిస్తామని ఎవరైనా అంటే ఆ మాట చెవిన పెట్టకండి, ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: చీపురుపల్లి దగ్గర మాకు మొక్కజొన్న చేను ఉంది. కంకి పాలు పట్టగానే చిలకలు మందలుగా వాలుతున్నాయి. ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదంటున్నారు కదా, నాలుగిటిని కొడితే మిగతావి రావు. ఏ రకం కొనమంటారు?

జవాబు: ఏ రకమూ వద్దండి. లైసెన్సు అక్కర్లేదన్న మాట సగమే నిజం. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం గొట్టం లోపలి వెడల్పు 4.5 మిల్లీమీటర్లు, అంటే పాయింట్ 177 దాటకూడదు, పెల్లెట్ శక్తి 20 జౌళ్లు దాటకూడదు. నా బుల్‌పప్ 17 జౌళ్ల దగ్గర ఉంది. ఆ హద్దు దాటితే లైసెన్సు కావాల్సిందే. ఇక చిలకని కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, తుపాకీకి లైసెన్సు ఉన్నా లేకపోయినా సరే. మీ కష్టం నాకు తెలుసు, మా బావగారి తోటలోనూ చిలకలు కాయకో గాటు పెట్టి వదిలేస్తాయి. అయినా మనది శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం చింతచెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడితే ఊరు ఊరంతా కాపు కాసే నేల. మెరుపు రిబ్బన్లు చేను మీద మెలితిప్పి కట్టండి, గాలికి తళుక్కుమంటూ మోత చేస్తాయి. కంకి పాలు పట్టే ఆ కొద్ది రోజులూ పొద్దున్నే ఒక మనిషి మంచె మీద ఉంటే ఇంకా మంచిది.

ప్రశ్న: బొబ్బిలి నుంచి ఒక తల్లిని. మా పాప ఎనిమిదో తరగతి. టీవీలో షూటింగ్ పోటీలు చూసి నేర్చుకుంటానంటోంది. వాళ్ల మావయ్య దగ్గర బుల్‌పప్ ఉంది. దానితో మొదలుపెట్టమంటారా?

జవాబు: పాప ఇష్టాన్ని ఆపకండమ్మా, కానీ ఆ తుపాకీతో వద్దు. పది మీటర్ల పోటీలో స్కోపు ఉండదు, చిన్న కంత లోంచి చూసి కొట్టాలి. టార్గెట్‌లో పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కంచు పతకం గెలిచింది ఆ చుక్క మీదే. స్కోపు, బుల్‌పప్ అలవాటైతే ఆ పద్ధతి మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వస్తుంది. కోచ్ ఉన్న రేంజికి తీసుకెళ్లండి. తుపాకీ కొనకండి, మొదటి ఆరు నెలలు అక్కడి రైఫిలే వాడనివ్వండి. సాయంత్రం ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడిగించాకే తినడానికి పెట్టండి, పెల్లెట్లు సీసంవి.