క్యాన్సర్ మాత్ర వాడుతున్న మనిషికి గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ రాయొచ్చా?

మీ నాన్నగారు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఈజీఎఫ్ఆర్ మాత్ర (కణం మీద ఉండి పెరగమనే సంకేతాన్ని అందుకునే ఈజీఎఫ్ఆర్ అనే రిసెప్టర్‌ని ఆపేది) వాడుతున్నారు, బొటనవేలికి గోరుచుట్టు వచ్చి ఎంతకీ మానడం లేదు, ఎవరో గ్రోత్ ఫ్యాక్టర్ (కణాలకి పెరగమనే సంకేతమిచ్చే ప్రోటీన్) జెల్ రాయమన్నారు, రాయొచ్చా అని అడిగారు. చివర్లో "గ్రోత్ ఫ్యాక్టర్ పుండు మాన్పేదైతే క్యాన్సర్ మందు దాన్నే ఎందుకు ఆపుతోంది" అని కూడా అడిగారు. మొదటిదానికి నా జవాబు ఒక్క ముక్కే: క్యాన్సర్ డాక్టరుకి చెప్పకుండా రాయొద్దు. రెండోదే అసలు ప్రశ్న. మేం ఇంతమంది డాక్టర్ల చుట్టూ తిరిగినా ఎవరూ దాన్ని విప్పి చెప్పలేదు, నేనే కూర్చుని చదువుకోవాల్సి వచ్చింది. అందుకే పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మా అమ్మకీ అదే క్యాన్సర్, ఎర్లోటినిబ్ అనే అలాంటి మాత్రే. ఆవిడ జన్మలో సిగరెట్ ముట్టింది లేదు. అయినా విషయం తెలిసిన ప్రతివాళ్ళూ ముందు అడిగేది "ఇంట్లో ఎవరు తాగుతారు" అనే. ఈ క్యాన్సర్ తెచ్చే ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ల (జన్యువులో వచ్చే మార్పుల) సంగతి 2004లోనే బయటపడింది, పొగ తాగనివాళ్ళలో, ఆడవాళ్ళలో, ఆసియా వాళ్ళలో ఇవి ఎక్కువని కూడా అప్పటినుంచే తెలుసు. ఇన్నేళ్ళయినా రోగిని నిలబెట్టి తప్పెవరిదో తేల్చే అలవాటు జనానికి పోలేదు. మీ ఇంట్లోనూ ఇది జరిగే ఉంటుంది, పట్టించుకోకండి.

మాత్ర మొదలెట్టిన కొద్ది రోజులకే ముఖం, ఛాతీ, వీపు నిండా చీము పొక్కులు. చూసినవాళ్ళంతా మొటిమల క్రీము రాయమన్నారు. అవి మొటిమల్లా కనిపిస్తాయి కానీ మొటిమలు కావు. మొటిమల క్రీములు చర్మాన్ని ఇంకా ఎండబెట్టేస్తాయి, ఆ మంట భరించలేం. తర్వాత గోళ్ళ వంతు వచ్చింది. కుడిచేతి బొటనవేలు పక్కన కండ ఎర్రగా ఉబ్బి, గోరు మీదకి మాంసం ముద్దలా పెరిగింది. దుప్పటి అంచు తగిలినా రక్తం కారేది. బొత్తాం పెట్టుకోలేదు, పెన్ను పట్టుకోలేదు, ఆ మాత్రలున్న సీసా మూత కూడా తనంతట తను తిప్పలేకపోయేది.

దగ్గర్లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాం. ఏం మందులు వాడుతున్నారు అని ఒక్కమాట అడగలేదు. వేలు చూసి గోరు పీకేద్దాం అన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదేననిపించింది నాకు. వద్దంటే, పోనీ గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ ఉంది, రాస్తే కణాలు త్వరగా పెరిగి మానిపోతుంది అన్నారు. అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న అమ్మ తలెత్తి, "నాకు క్యాన్సర్ అండీ, కణాలు త్వరగా పెరగడం మంచిదేనా?" అని అడిగింది. వాళ్ళ దగ్గర జవాబు లేదు. ఏ చదువూ అక్కర్లేని ప్రశ్న అది, మందు రాసే చెయ్యి ముందు తనకు తాను వేసుకోవాల్సిన ప్రశ్న.

మర్నాడు క్యాన్సర్ విభాగానికి వెళ్తే అక్కడ చాలాకాలంగా పనిచేస్తున్న ఒక నర్సు వేలు చూసింది. సాగే టేపు సన్నగా కత్తిరించి, ఒక చివర ఉబ్బిన కండ మీద అంటించి, కండని గోరు నుంచి పక్కకి లాగిపట్టి, టేపుని ఏటవాలుగా వేలి చుట్టూ తిప్పి అతికించింది. గోరుకీ కండకీ మధ్య చిన్న సందు వచ్చింది. "గోరు కండలోకి గుచ్చుకుంటున్నంతసేపూ ఏ మందు రాసినా దండగేనమ్మా, ముందు దీన్ని ఎడం చెయ్యాలి" అంది. తడి తగిలి ఊడిన ప్రతిసారీ మళ్ళీ ఎలా వెయ్యాలో నాచేత వేయించి చూసుకుంది. డాక్టరు గారు యాంటీసెప్టిక్ నీళ్ళలో వేలు నానబెట్టమన్నారు, స్టెరాయిడ్ క్రీము రాశారు, మాత్ర కొన్నాళ్ళు ఆపించి తక్కువ డోసుతో మళ్ళీ మొదలెట్టారు. మెల్లగా తగ్గింది. మాత్ర ఆపడం ఆయన నిర్ణయం, మేం సొంతంగా ఆపలేదు. మీరూ ఆపకండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఈజీఎఫ్ఆర్ క్యాన్సర్ కణం మీదే ఉంటుందనుకుంటాం. కానీ అది మన చర్మం అడుగు పొరలో, వెంట్రుకల కుదుళ్ళలో, గోళ్ళ చుట్టూ, పేగు లోపలి పొరలో మామూలుగానే ఉంటుంది. చర్మం రోజూ అరిగి రోజూ కొత్తది పుట్టడానికి ఆ సంకేతం కావాలి. క్యాన్సర్ కణంలో మ్యుటేషన్ వల్ల ఆ స్విచ్ ఆగకుండా ఆన్‌లో ఉండిపోతుంది, మాత్ర దాన్ని ఆపుతుంది, ఆపేటప్పుడు చర్మంలోదీ కొంత ఆగుతుంది. చర్మం పలచబడి వాపు వస్తుంది. విరేచనాలు కూడా అందుకే.

మా అమ్మకి కనురెప్పల వెంట్రుకలు పొడుగ్గా, మందంగా, మెలికలు తిరిగి పెరిగాయి. కొన్ని లోపలికి వంగి కన్ను గీరుకుని ఎర్రబడితే కళ్ళ డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఈ మందు వల్ల రెప్పవెంట్రుకలు ఇలా పెరుగుతాయని అప్పుడే తెలిసింది. తర్వాత చదువుతుంటే ఒకటి కనిపించింది. ఈజీఎఫ్ఆర్‌కి సంకేతమిచ్చే గ్రోత్ ఫ్యాక్టర్ ఈజీఎఫ్‌ని స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రవేత్త కనిపెట్టింది కూడా కళ్ళ దగ్గరే. ఎలుక లాలాజల గ్రంథి రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకి ఎక్కిస్తే, రెండు వారాలకి తెరవాల్సిన కళ్ళు వారానికే తెరుచుకున్నాయి, పళ్ళు కూడా ముందే వచ్చాయి. ఆ పట్టు పట్టుకుని 1962లో ఆయన ఆ పదార్థాన్ని విడదీశాడు. 1986లో ఆయనకీ, నరాల గ్రోత్ ఫ్యాక్టర్ కనిపెట్టిన రీటా లెవీ-మోంటాల్చినీకీ కలిపి నోబెల్ ఇచ్చారు. యుద్ధకాలంలో యూదు మహిళ అని ఉద్యోగం లేకుండా చేస్తే ట్యూరిన్‌లో తన పడకగదిలోనే ప్రయోగశాల పెట్టుకుని కోడి పిండాల మీద పనిచేసిందావిడ. మా అమ్మ ఈ సంగతి ఎంత శ్రద్ధగా విందో చెప్పలేను. తన కళ్ళకి ఏమవుతోందో ఎవరో వివరించి చెప్పడం అదే మొదటిసారి మరి.

ఇక గాయం సంగతి. దెబ్బ తగలగానే ప్లేట్‌లెట్లు వచ్చి రక్తం గడ్డకట్టించడమే కాదు, పీడీజీఎఫ్, టీజీఎఫ్-బీటా లాంటి గ్రోత్ ఫ్యాక్టర్లని విడుదల చేస్తాయి. అవి ఫైబ్రోబ్లాస్టులని పిలుస్తాయి, ఆ కణాలు కొల్లాజెన్ పోగులు వేస్తాయి, వాటిలో కొన్ని కండరంలా బిగుసుకునే మయోఫైబ్రోబ్లాస్టులుగా మారి గాయం అంచులని దగ్గరికి లాగుతాయి. వీఈజీఎఫ్ అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ కొత్త రక్తనాళాలు రప్పిస్తుంది. ఇదంతా అయ్యాక ఆ మయోఫైబ్రోబ్లాస్టులు చనిపోవాలి. అక్కడే ఉంది అసలు విషయం. చావకపోతే, ఇల్లు పూర్తయినా మేస్త్రీలు వెళ్ళకుండా గోడ మీద గోడ కడుతూ పోయినట్టే, మెత్తగా సాగాల్సిన చోటంతా మచ్చ కణజాలం పేరుకుపోతుంది. ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, కిడ్నీలో ఇదే జరిగితే ఫైబ్రోసిస్ అంటున్నాం.

ఇందులో నన్ను బాగా భయపెట్టింది ఒకటుంది. టీజీఎఫ్-బీటా ఎప్పటికప్పుడు తయారై వచ్చేది మాత్రమే కాదు. నిద్రాణంగా, ఒక కవచంలో కట్టేసినట్టు, కణాల చుట్టూ ఉన్న పోగుల్లోనే నిల్వ ఉంటుంది. కణాలు తమ మీదుండే ఇంటెగ్రిన్లనే ప్రోటీన్లతో ఆ కవచాన్ని పట్టి లాగితే బయటికి వస్తుంది. మెత్తటి చోట లాగితే అంతా కలిసి సాగిపోతుంది కాబట్టి కవచం తెరుచుకోదు. గట్టిపడిన చోట లాగితే తెరుచుకుంటుంది. అంటే మచ్చ గట్టిపడే కొద్దీ ఇంకా టీజీఎఫ్-బీటా, దాంతో ఇంకా మచ్చ. మొదట్లో దెబ్బ తీసిన కారణం పోయినా ఇది తనంతట తనే నడుస్తుంది.

మా పెదనాన్నగారికి కారణం తెలియని ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్. ఆయన వాడేది నింటెడానిబ్. ఆ మందుని మొదట్లో తయారుచేసింది క్యాన్సర్ కోసం. పీడీజీఎఫ్, వీఈజీఎఫ్, ఎఫ్‌జీఎఫ్ అనే మూడు గ్రోత్ ఫ్యాక్టర్ల రిసెప్టర్లనీ ఆపుతుంది, 2014లో అమెరికాలో ఈ ఫైబ్రోసిస్‌కి అనుమతి వచ్చింది. జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తుంది తప్ప పోయిన ఊపిరిని తిరిగి తేదు. విరేచనాలతో ఆయన నీరసపడిపోతారు, అయినా వదలరు. ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు వేరే జబ్బులు, రెండు మాత్రలూ గ్రోత్ ఫ్యాక్టర్ సంకేతాలని ఆపేవే. ఇది చూశాక నాకు అర్థమైంది, గ్రోత్ ఫ్యాక్టర్ ఎప్పుడూ మందే అనీ కాదు, ఎప్పుడూ శత్రువే అనీ కాదు. ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అన్నదాన్ని బట్టి ఉంటుంది. టీజీఎఫ్-బీటానే తీసుకోండి, మామూలు కణాల్లో విభజనని ఆపి క్యాన్సర్ రాకుండా అడ్డుపడేది అదే, ముదిరిన క్యాన్సర్‌లో కణాలు వేరేచోటికి పాకడానికి సాయపడేదీ అదే. కణితి అంటే మానని గాయం అని హెరాల్డ్ డ్వోరాక్ అనే పరిశోధకుడు 1986లోనే రాశాడు. శరీరం గాయానికి పంపే రక్తనాళాలు, ఫైబ్రోబ్లాస్టులు, అన్నీ కణితి కూడా రప్పించుకుంటుంది, కాకపోతే దానికి ముగింపు ఉండదు.

మరి జెల్ సంగతి. పీడీజీఎఫ్ జెల్ నిజమైన మందే. బెకాప్లెర్మిన్ అని, 1997లో అమెరికాలో అనుమతించారు, కానీ రక్తప్రసరణ సరిగా ఉన్న డయాబెటిస్ కాలి పుండ్లకి. మూడు, అంతకంటే ఎక్కువ ట్యూబులు వాడినవాళ్ళలో క్యాన్సర్ మరణాలు ఎక్కువ కనిపించాయని 2008లో దాని మీద పెద్ద హెచ్చరిక పెట్టారు, తర్వాతి ఆధారాలు చూసి 2018లో తీసేశారు. కణితి ఉన్నచోట రాయకూడదన్న నిబంధన మాత్రం అలాగే ఉంది. దీన్నిబట్టి ఒక చుక్క రాస్తే క్యాన్సర్ పెరిగిపోతుందని నేను భయపెట్టను. కానీ మీ నాన్నగారి వేలు డయాబెటిస్ పుండు కాదు, మందు వల్ల వచ్చిన గోరుచుట్టు. దానికిది చేసేదేమీ లేదని నా గట్టి నమ్మకం. ఈజీఎఫ్ లేపనమంటారా, ఈ మాత్రల వల్ల వచ్చే పొక్కులకి కొరియాలో డాక్టర్లు పరీక్షించి చూసిన మాట నిజమే, అది వాళ్ళ పర్యవేక్షణలో జరిగింది. మీ నాన్నగారి మాత్ర రిసెప్టర్ లోపలి భాగాన్ని పట్టేసుకుని ఉన్నప్పుడు బయటినుంచి ఈజీఎఫ్ పోసి ఏం సాధిస్తామో నాకైతే అర్థం కాదు. పేరులో "గ్రోత్" ఉంటే చాలు టానిక్ అన్నట్టు అమ్మేస్తున్నారు, ముఖానికి సీరమ్, జుట్టుకి ఇంజెక్షన్, మోకాలికి ఇంజెక్షన్, మీకేమైనా క్యాన్సర్ ఉందా అని అడిగేవాళ్ళే కనపడరు.

నా అసలు కోపం ఇక్కడే. విభాగానికో ఫైలు, ఒకరిది ఇంకొకరు చూడరు. వీఈజీఎఫ్‌ని ఆపే బెవాసిజుమాబ్ అనే క్యాన్సర్ మందు వాడేవాళ్ళకి ముందే నిర్ణయించుకున్న ఆపరేషన్‌కి కనీసం 28 రోజుల ముందు ఆ మందు ఆపాలి, ఆపరేషన్ తర్వాత కూడా 28 రోజులు, గాయం పూర్తిగా మానేదాకా ఇవ్వకూడదు, లేకపోతే కుట్లు మానవు. పన్ను పీకించుకోవడానికి వెళ్ళిన మనిషిని ఈ మాట ఎవరు అడుగుతున్నారు? మనమే చెప్పాలి. అమ్మ మందుల పేర్లన్నీ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఫైలు మొదటి పేజీలో పెట్టాను, ఎక్కడికెళ్ళినా ముందు అదే చేతికిస్తాను.

ఇంకో మాట, "పొక్కులు వచ్చాయంటే మందు పనిచేస్తోందన్నమాట, సంతోషించండి" అంటారు. పొక్కులు బాగా వచ్చినవాళ్ళలో ఫలితం మెరుగ్గా ఉందని అధ్యయనాల్లో కనిపించింది, కాదనను. కానీ ఆ మాటతో నొప్పిని కొట్టిపారేయడం అన్యాయం. పొక్కులు రాకముందే మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, తేలికపాటి స్టెరాయిడ్ క్రీము, డాక్సీసైక్లిన్ మొదలెట్టొచ్చు. ఈజీఎఫ్ఆర్‌నే ఆపే పానిటుముమాబ్ అనే ఇంకో మందు మీద జరిగిన స్టెప్ అనే ట్రయల్‌లో ఇలా ముందే మొదలుపెట్టినవాళ్ళలో ఓ మోస్తరు, అంతకంటే తీవ్రమైన చర్మ సమస్యలు 62 శాతం నుంచి 29 శాతానికి తగ్గాయి. ఆ ఫలితాలు 2010లోనే వచ్చాయి. మాకు మొదటిరోజు ఎవరూ చెప్పలేదు.

మీరు రేపే చెయ్యాల్సింది: వేలికి దగ్గరగా, వెలుతురులో ఫోటో తీసి క్యాన్సర్ విభాగానికి పంపండి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. టేపు వెయ్యడం నేర్పమని అక్కడి నర్సుని అడగండి. చీము ఉంటే శాంపిల్ పంపాలేమో అడగండి. గోరు పీకుతామని ఎవరన్నా ముందు అక్కడ కనుక్కోకుండా ఒప్పుకోకండి. ఇంకొకటి, దీనికీ వేలికీ సంబంధం లేదు కానీ చెప్పకుండా ఉండలేను: ఈ మాత్రల వల్ల కొద్దిమందికి ఊపిరితిత్తుల్లోనే వాపు వస్తుంది. కొత్తగా పొడిదగ్గు, ఆయాసం, జ్వరం కనిపిస్తే వేలు సంగతి పక్కన పెట్టి అదేరోజు, అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికి తీసుకెళ్ళండి.