వేల్స్ పలకరాయి క్వారీల్లో ఇప్పుడు ఏం మిగిలాయి? ఒక్క రోజే ఉంటే ఎక్కడికి వెళ్లాలి?

ఒక్క రోజే అయితే ఉత్తర వేల్స్‌లోని లాన్‌బెరిస్ ఊరికి వెళ్లండి. 2021లో యునెస్కో గుర్తించిన పలకరాయి ప్రాంతంలో ఆరు భాగాలున్నాయి. అన్నీ చుట్టబోతే బస్సుల్లోనే పొద్దు గూకుతుంది. లాన్‌బెరిస్‌లోని డినోర్విగ్ క్వారీ ఒక్కదాన్ని నిదానంగా చూడండి.

ముందు కొండవైపు చూడండి. మెట్లుమెట్లుగా తవ్విన అంతస్తుల మధ్య కిందికి దిగే నిలువు చారలు కనిపిస్తాయి. అవే ఇంక్లైన్లు, రాయి దిగిన వాలు పట్టాలు. వీటికి ఇంజన్ అక్కర్లేదు. వాలు పైకొసన డ్రమ్ హౌస్, అందులో ఇనుప తాడు చుట్టిన పెద్ద డ్రమ్. రాయి నింపిన వ్యాగన్లు దిగుతుంటే ఆ బరువుకే ఖాళీవి పక్క పట్టాలమీద పైకొచ్చేవి. మనిషి చేతిలో ఉండేది బ్రేకు మాత్రమే. అది పట్టకపోయినా, తాడు తెగినా వ్యాగన్లు అడుగుదాకా ఆగవు. అక్కడి పలకరాయి మ్యూజియం దగ్గరి వివియన్ ఇంక్లైన్ మరీ నిటారు. అక్కడ వ్యాగన్ను నేరుగా పట్టాలమీద దింపితే సరుకు ఒలికిపోతుంది, అందుకే పైభాగం సమతలంగా ఉండే బండిమీద ఎక్కించి దింపేవారు. ఆ ఇంక్లైన్‌ను బాగుచేసి నిలబెట్టారు, తప్పక చూడండి.

క్వారీ 1969లో మూతపడింది. 1870లో కట్టిన క్వారీ వర్క్‌షాపే 1972లో మ్యూజియం అయింది కాబట్టి లేత్ యంత్రాలు, పోతపనికి వాడిన చెక్క నమూనాలు ఉన్నచోటే ఉన్నాయి. అక్కడి నీటిచక్రం వ్యాసం 15.4 మీటర్లు. కైర్నార్వన్‌లోని డి వింటన్ కంపెనీ చేసింది. వర్క్‌షాపు యంత్రాలన్నీ దాని బలంతోనే తిరిగేవి, 1925లో పెల్టన్ చక్రం (నీటి ధార తాకిడికి తిరిగే చక్రం) వచ్చేదాకా. మ్యూజియాన్ని పునరుద్ధరణ కోసం 2024 నవంబరులో మూశారు, మళ్లీ తెరిచారో లేదో చూసుకుని బయల్దేరండి.

మ్యూజియంలో రాయి చీల్చి చూపిస్తుంటే ఉలి ఎక్కడ పెడుతున్నారో గమనించండి. ప్రతిసారీ సరిగ్గా సగానికే. ఒకవైపు పలచనైతే చీలిక అటే పక్కకు పోయి పలక విరుగుతుంది. రాయిలో చెమ్మ ఉండగానే చీల్చాలి, ఆరితే పొర సాఫీగా విడిపోదు. మన మార్కాపురం పలక కూడా పొరలుగా విడిపోయే రాయే. వేల్స్ రాయి మాత్రం ఎక్కువగా ఇంటి కప్పులకెక్కింది. ఆ కప్పు పలకల కొలతల పేర్లు ముచ్చటగా ఉంటాయి: డచెస్ 24×12 అంగుళాలు, కౌంటెస్ 20×10, లేడీ 16×8. ఒక టన్ను మంచి పలకకు పది టన్నుల దాకా, ఒక్కోచోట ఇంకా ఎక్కువ, వ్యర్థం మిగిలేది. మీకు కనిపించే బూడిదరంగు గుట్టలన్నీ అదే. వాటిమీదికి ఎక్కకండి. తడిసిన పలకలు కాలికింద జారతాయి.

ఓపిక ఉంటే పైన యాంగిల్సీ బ్యారక్స్ దాకా నడవండి. ఎదురెదురుగా రెండు వరుసలు, వరుసకు 11 గదుల జతలు. యాంగిల్సీ దీవి నుంచి వచ్చిన కూలీలు వారమంతా అక్కడే పడుకుని శనివారం ఇంటికి పోయేవారు. 1948 దాకా మనుషులున్నారు. ఇప్పుడు కప్పులు లేవు.

రెండో రోజు దొరికితే నాంట్లె లోయలోని డొరొథియా క్వారీ. 1906 నుంచి 1951 దాకా గోతిలో నీరు తోడిన ఆవిరి బీమ్ ఇంజన్ (పెద్ద దూలం ఊగుతూ పంపును నడిపే యంత్రం) తన ఇంట్లోనే ఉంది. గొయ్యి మాత్రం నీటితో నిండిపోయింది. లోతు 100 మీటర్లకు పైనే, డైవర్లు ప్రాణాలు పోగొట్టుకున్న చోటు. నీళ్లలో దిగొద్దు, అంచుకు కూడా పోవద్దు.