గిటారు వాయించడు, తయారుచేస్తాడు.. ఏ బ్రాంచిలో చేర్పించాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేశాడు. రెండేళ్లుగా ఇంట్లోనే ఎలక్ట్రిక్ గిటార్లు తయారుచేస్తున్నాడు. ఇప్పటికి రెండు గిటార్లు, ఒక బేస్ (మంద్రస్వరాల గిటారు) అయ్యాయి. బాల్కనీ నిండా రంపప్పొట్టే. పోనీ బాగా వాయిస్తాడా అంటే అదీ లేదు. ఎప్‌సెట్ (పాత ఎంసెట్) ర్యాంకు అంతంతమాత్రం. మేనేజ్‌మెంట్ కోటాలో డబ్బు కట్టి సీఎస్ఈ ఏఐ సీటు తీసుకుందామని మా ఆలోచన. వాడేమో ఒకరోజు అమెరికాలో గిటార్ల స్కూలంటాడు, ఒకరోజు డిజైన్ అంటాడు, ఇంకోరోజు మెకానికల్ అంటాడు. వాళ్లమ్మ వాడికే వత్తాసు. ఏది మంచిదో పోల్చి చెప్పగలరు. చివరికి వడ్రంగి పని చేసుకుంటూ ఉండిపోతాడేమోనని భయంగా ఉంది. బేసుకి కొత్త పికప్ కావాలని డబ్బులడుగుతున్నాడు, ఇవ్వమంటారా?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: వెబ్ కౌన్సెలింగ్ రోజులొచ్చాయంటే ఈ ఉత్తరం నాకు తప్పదు. ఒక ఏడు డ్రోన్, ఒక ఏడు కెమెరా, ఇంకో ఏడు బుల్లెట్ బండి విప్పి బిగించడం. ఈసారి గిటారు. పైకి అడిగేది బ్రాంచి గురించే. అసలు బెంగ మాత్రం ఎక్కడో చివర్లో బయటపడుతుంది. మీ ఉత్తరంలో అది ‘వడ్రంగి పని’ అన్నచోట ఉంది. ముందు దాని సంగతి చూసి, పోలికల దగ్గరికి తర్వాత వద్దాం.

మీవాడు పనిచేస్తున్నప్పుడు ఎన్నడైనా పక్కన కూర్చుని చూశారా? చూడలేదనే నా అనుమానం. చూసుంటే రంపప్పొట్టు బదులు ఫ్రెట్ల గురించి రాసేవారు. గిటారు మెడ మీద అడ్డంగా దిగ్గొట్టి ఉండే లోహపు కడ్డీలే ఫ్రెట్లు. వాటిని కంటి అంచనాతో పెట్టడానికి వీల్లేదు. తీగ మొదలయ్యే నట్ నుంచి అది ఆనే బ్రిడ్జి దాకా పొడవు 648 మిల్లీమీటర్లు అనుకోండి. దాన్ని 17.817తో భాగిస్తే 36.37 వస్తుంది. మొదటి ఫ్రెట్ అక్కడ. మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే 34.33, అది రెండోదానికి. ఇలా చేసుకుంటూ పోతే పన్నెండోది సరిగ్గా సగంలో, 324 దగ్గర తేలాలి. బేసుకైతే పొడవు 864, మొదటి ఫ్రెట్ దూరమే 48 దాటుతుంది. ఆ 17.817 అనేది 2కి పన్నెండో మూలం నుంచి పుట్టిన సంఖ్య. ఒక ఫ్రెట్ నుంచి పక్కదానికి కొలుచుకుంటూ పోతే చిన్నచిన్న తప్పులన్నీ పోగవుతాయి కాబట్టి, తెలిసినవాళ్లు ప్రతిదాన్నీ నట్ నుంచే కొలుస్తారు. మీవాడు మూడు మెడలు కోశాడంటే ఈ లెక్క మూడుసార్లు రంపంతో చేశాడన్నమాట. గుణశ్రేఢిలో వాడికి ఎన్ని మార్కులొచ్చాయో నాకు తెలియదు. ఆ పాఠం ఇక మర్చిపోడని మాత్రం చెప్పగలను.

ఇంకా ఉంది. ఆరు తీగలూ బిగించాక అవన్నీ కలిసి గిటారు మెడను దాదాపు 45 కిలోల బలంతో లాగుతాయి. బేసుకి తీగలు నాలుగే అయినా ఆ లాగుడు 70 కిలోల పైమాటే. పచ్చి కర్ర వాడితే మెడ వంగి కూర్చుంటుంది. అందుకే బాగా ఆరిన చెక్క కోసం అడితిల చుట్టూ తిరగడం, మెడలోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ పెట్టి ఆ వంపును మరతో సరిచేయడం. ఇక తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగను వేలకొద్దీ చుట్లు చుట్టడమే. ఒక్క కాయిల్ ఉంటే ఇంట్లో కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ గుయ్‌మనే మోత కూడా అందులో వినబడుతుంది. రెండు కాయిళ్లను ఎదురెదురు దిశల్లో కలిపి, అయస్కాంతాలను కూడా తిరగేసి పెడితే మోత పోయి తీగ మాట నిలుస్తుంది. మెకానికల్ రెండో ఏట వచ్చే స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, ఈసీఈలో వచ్చే నాయిస్, రెండూ మీ బాల్కనీలోనే ఉన్నాయి.

‘బాగా వాయించడం కూడా రాదు’ అన్నారు. లియో ఫెండర్‌కీ రాదు. కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊళ్లో రేడియోలు బాగుచేసుకునేవాడు, చదివింది అకౌంటింగు. 1951లో ప్రెసిషన్ బేస్, 1954లో స్ట్రాటోకాస్టర్ గిటారు ఆయన కంపెనీ నుంచే వచ్చాయి. గిటారు వాయించడం ఆయన చివరిదాకా నేర్చుకోలేదు. వాయించడం ఒక విద్య, చేయడం ఇంకొకటి. మీరు రెండోదాన్ని మొదటిదాని కొలబద్దతో కొలుస్తున్నారు.

ఇక ఆ వడ్రంగి మాట. కాస్త కటువుగా అంటున్నాను, ఏమీ అనుకోకండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసచెక్క దుంగను తొలిచి ఏకాండీ వీణ చేస్తారు. ఆ వీణ ఇంటికొస్తే మనం దణ్ణం పెట్టి, దసరాకి పూజలో పెడతాం. దాన్ని చెక్కిన చేతుల పని మాత్రం మనింటి పిల్లాడికి వస్తే ‘బతుకు పాడైపోయింది’ అంటాం. మీవాడు చిత్రిక పట్టడం నేర్చుకున్నందుకు ఎవరికి సంజాయిషీ ఇవ్వాలి మీరు? బావగారికా, ఆఫీసులో పక్క సీటాయనకా? ఆ ఇద్దరికీ జవాబు చెప్పుకోవడం కోసమైతే సీటు కొనకండి.

కొనాలనుకుంటున్న ఆ సీటు గురించి నా అనుమానాలు కొంచెం వివరంగానే చెబుతాను. నాలుగైదేళ్లుగా చాలా ప్రైవేటు కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని సీఎస్ఈ ఏఐ, డేటా సైన్స్ బోర్డులు పెట్టేశాయి. బోర్డు మారినంత తొందరగా చెప్పేవాళ్లు మారరు. నిన్నటిదాకా సి లాంగ్వేజ్ చెప్పినాయనే ఇవాళ మెషీన్ లెర్నింగ్ చెబుతున్న కాలేజీలున్నాయి. మొదటి రెండేళ్ల సిలబస్ మామూలు సీఎస్ఈకి పెద్ద తేడాగా ఉండదు. క్యాంపస్‌కి వచ్చే కంపెనీ మెమోలో బ్రాంచి పేరు పక్కనున్న రెండక్షరాలు చూసి ఉద్యోగమివ్వదు, ప్రోగ్రాం రాయించి చూస్తుంది. పైగా ఈ ఏఐ పనిముట్లు ముందుగా మింగేది కొత్తగా చేరినవాళ్లు చేసే చిల్లర కోడింగ్ పనినే అని నా భయం. కోడ్ రాయడం ఇష్టమున్న పిల్లాడికి ఇవేవీ అడ్డు కావు, వాడు ఎక్కడున్నా పైకొస్తాడు. ఇష్టం లేనివాణ్ని లక్షలు పోసి కూర్చోబెడితేనే చిక్కు. ఒక చిన్న పరీక్ష చెబుతాను. ఫ్రెట్ల కొలతలు ఎలా లెక్కవేశావని మీవాణ్ని అడగండి. తనే చిన్న ప్రోగ్రాం రాసుకున్నాడంటే నా అనుమానాల్లో సగం కొట్టేయండి. ఇంటర్నెట్‌లో దొరికిన పట్టిక చూసి గీతలు గీశాడంటే వాడికి ఆసక్తి ఉన్నది చెక్కలో, కంప్యూటర్లో కాదు.

అట్లాగని ‘నీకు నచ్చిందే నీ వృత్తి’ అనే మాటకి కూడా నేను తలూపను. అది ఇంకో ఫ్యాషన్. అరిజోనాలోని ఫీనిక్స్‌లో రొబెర్టో-వెన్ స్కూలు 1975 నుంచి గిటార్ల తయారీ నేర్పుతోంది, మంచి పేరున్నదే. మీవాడు చెప్పింది అదేననుకుంటాను. కానీ అక్కడిది కొన్ని నెలల కోర్సు, మనం అనుకునే డిగ్రీ కాదు. నేర్చుకుని ఇక్కడికొచ్చాక అమ్మాలి కదా! ఇండోనేషియా, చైనా ఫ్యాక్టరీల గిటార్లు తక్కువ ధరకే చక్కగా మోగుతున్నాయి. చేత్తో వారాల తరబడి చేసినదానికి కూలి గిట్టేంత ధర పెట్టి కొనేవాళ్లు మన దగ్గర బహు కొద్దిమంది. మన జిట్టేగి (రోజ్‌వుడ్) చెక్క ప్రపంచంలో ఎన్నో గిటార్ల మెడల మీద ఉందిగానీ, అందులో డబ్బు చెక్క అమ్మినవాడికే. కాబట్టి దీన్ని హాబీగానే ఉంచుకోమని బాబుకి నా మాటగా చెప్పండి. డిగ్రీ చదువుకుంటూనే స్నేహితుల గిటార్లకి ఫ్రెట్లు సమం చేసి, తీగల ఎత్తు, శ్రుతి సరిచేసిపెడితే చేతిఖర్చులు వస్తాయి. ముందు అది చాలు.

హాబీగా ఉంచడమంటే చిన్నచూపు కాదు. బ్రయాన్ మే అనే గిటారిస్టు 1963లో, పదహారేళ్లప్పుడు, వాళ్ల నాన్నతో కలిసి ఇంట్లో గిటారు మొదలుపెట్టాడు. మెడ పాత చలిమంట గూటి చెక్క నుంచి, స్ప్రింగులు మోటారుసైకిల్ ఇంజన్ నుంచి. చదివింది ఫిజిక్స్. ఖగోళశాస్త్రంలో మధ్యలో ఆపేసిన పీహెచ్‌డీని 2007లో పూర్తిచేశాడు. మీవాడూ అంతటివాడవుతాడని నేననడం లేదు. రెండు గిటార్లు, ఒక బేస్ చేసినంత మాత్రాన ఎవరూ మేధావులైపోరు. ఆ కథలో నాకు నచ్చింది వాళ్ల నాన్న. ఆయన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, రంపం లాక్కోకుండా తనూ ఒకటి పట్టుకున్నాడు.

ఇక మీరడిగిన పోలిక. యూనివర్సిటీ కాలేజీలోనో, ప్రయోగశాలలు నిజంగా నడిచే కాలేజీలోనో మీవాడి ర్యాంకుకి కన్వీనర్ కోటాలో మెకానికల్ గానీ ఈసీఈ గానీ వస్తే కళ్లు మూసుకుని తీసుకోండి. కొన్న ఏఐ సీటు కన్నా అదే నయం. రెండిటిలో ఏదంటే, మెడ చెక్కడంలో ఎక్కువసేపు గడిపేవాడైతే మెకానికల్, పికప్పులు, సోల్డరింగ్ దగ్గర గడిపేవాడైతే ఈసీఈ. కాగితం మీద పదిరకాల బాడీ ఆకారాలు గీసి చింపేస్తుంటే డిజైన్ మాట కొట్టిపారేయకండి. ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఉంది. వాటి ప్రవేశపరీక్షలు చలికాలంలోనే మొదలైపోతాయి కనుక ఈ దారికైతే ఒక ఏడాది ఆగాలి. ఆ ఏడాది ఇంట్లో మీరు సణగకుండా ఉండగలరా అన్నది మీరే తేల్చుకోవాలి. సెలవుల్లో బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే కోత యంత్రాల) చిన్న కోర్సు ఏదైనా దొరుకుతుందేమో చూడండి. బెంగళూరులోని వుడ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ గురించి కూడా వాకబు చేయండి.

భయపడాల్సినవి మీరు రాయనేలేదు. టేకు పొట్టు, జిట్టేగి పొట్టు ఊపిరితిత్తులకు మంచివి కావు. సర్జికల్ మాస్కు కాదు, దుమ్ము ఆపే మాస్కు కొనండి. చెక్కలో గాడి తీసే రౌటర్ మిషను పట్టినప్పుడు కళ్లద్దాలు ఉండాలి, వదులు చేతుల చొక్కా ఉండకూడదు. థిన్నర్ కలిపిన లక్క మూసిన గదిలో కొట్టనివ్వద్దు.

పికప్‌కి డబ్బులివ్వండి. ఇచ్చేముందు పాతదాంతో వచ్చిన ఇబ్బందేమిటో అడిగి, చెప్పింది పూర్తిగా వినండి. ఈలోగా ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బాల్కనీ ప్లగ్గుకి ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూపించండి. గిటారు తీగలు ఆంప్లిఫయర్ ద్వారా ఆ ఎర్త్‌కే కలిసి ఉంటాయి, వాడి వేళ్లేమో తీగల మీద ఉంటాయి. మూడో పిన్ను విరగ్గొట్టిన ప్లగ్గులేమైనా ఉంటే అదేరోజు మార్పించండి.