స్పానిష్‌కి ఇంగ్లీషు మీదుగా పోవద్దు

సెలవులకని తిరుపతి వస్తే, మా వీధి అబ్బోడు నోట్‌బుక్కు పట్టుకొచ్చాడు. వచ్చే నెల ఎమ్మెస్‌కి మాడ్రిడ్ పోతున్నాడు. "అన్నా, స్పానిష్‌లో భూతకాలం రెండు రకాలంట. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే అర్థం రాసుంది, టెన్షన్‌గా ఉంది" అన్నాడు. అటు పోయే మిగతా పిలకాయలకూ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ ఇంగ్లీషు అర్థం కొట్టేయండి. "చిన్నప్పుడు ప్రతి శనివారం కొండకు వెళ్ళేవాళ్ళం" అంటాం, "మొన్న కొండకు వెళ్ళాం" అంటాం. మొదటిది ఈబామోస్, రెండోది ఫుయిమోస్. అంతే తేడా. అలాగే సబీయా అంటే అప్పటికే తెలుసు, సూపే అంటే అప్పుడే తెలిసింది.

నాకిది చెప్పే దిక్కు లేక, స్పెయిన్ వెళ్ళిన కొత్తలో ఆరోగ్య పరీక్షలో ఇరుక్కున్నా. సిగరెట్ అలవాటుందా అని డాక్టరమ్మ అడిగింది. కాలేజీలో ఒకే ఒక్కసారి తాగి, దగ్గొచ్చి పారేశాను. ‘ఫుమే’ అనాల్సింది, ‘ఫుమాబా’ అన్నా. అంటే తాగేవాణ్ణి! ఆమె తలెత్తకుండానే "రోజుకెన్ని?" అంది.

స్పెయిన్‌లో ఇంకో మెలిక ఉంది. నిన్న తిన్నానంటే కోమీ, ఇవాళ తిన్నానంటే ఎ కోమీదో. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల రెండింటికీ కోమీయే. కాబట్టి మెక్సికో వీడియోలు చూసి నేర్చుకునేవాళ్ళు కంగారు పడొద్దు.

పోర్, పారా రెండూ "కోసం" అని బట్టీ కొట్టారో, చచ్చారే. మన బస్టాండులో పుత్తూరు మీదుగా చెన్నై పోయే బస్సుంది కదా? చెన్నైకి పారా, పుత్తూరు మీదుగా పోర్. వాన వల్ల అన్నా పోర్, చదువుకోడానికి అన్నా పారా.

ఇలాంటి చిన్న మాటల తర్వాత క్రియ వస్తే ఇన్ఫినిటివే, అంటే డిక్షనరీలో ఉండే మూల రూపమే. ఇంగ్లీషు అలవాటులో ‘ఇంగ్’ రూపం తగిలించకండి. తినకముందు అంటే ఆంతెస్ దె కోమేర్, తినకుండా అంటే సిన్ కోమేర్.

చివరగా ‘ఆ’ అనే చిన్న మాట. "అమ్మ వెతుకుతున్నా" అంటే అర్థమే మారిపోతుంది, "అమ్మను" అనాలి. "రూము వెతుకుతున్నా" అంటే మాత్రం చాలు. స్పానిష్‌లోనూ అంతే: బూస్కో ఆ మి మాద్రే, బూస్కో ఉన్ పీసో. పీసో అంటే అక్కడ ఫ్లాటు. దిగిన మొదటి వారం మీకు ఎక్కువగా అక్కరకొచ్చేది ఈ రెండోదే.