గమ్ము పైఅంచుకే రాయండి, కింద కుచ్చుని వదిలేయండి

ప్రశ్న: "గౌను ఆకారంలో, కింద కుచ్చులు పొరలు పొరలుగా వచ్చేలా కాగితంతో గ్రీటింగ్ కార్డు ఎలా చేయాలి? నేను చేస్తే పొరలన్నీ చదునుగా అతుక్కుపోతున్నాయి."

చదునుగా అతుక్కుపోతున్నాయి అన్నారంటేనే తెలిసిపోయింది, మీరు పొర మొత్తానికీ గమ్ము రాసేస్తున్నారు. గౌనుకి కుచ్చు ఎక్కడ కుడతారండీ? పైన. కింద వదిలేస్తారు, అందుకే అది ఊగుతుంది. కాగితానికీ అదే లెక్క. పైఅంచున చిటికెన వేలి గోరంత వెడల్పున గమ్ము రాయండి, కిందికి ఒక్క చుక్క కూడా దిగకూడదు. అంటించాక కింది అంచుని పెన్సిలుకి చుట్టి వదిలితే కాస్త లేచి నిలబడుతుంది. వీడియోలు చేసేవాళ్ళు సరిగ్గా ఈ ముక్క దగ్గరే స్పీడు పెంచేసి, వెనకాల పాట పెట్టేసి, అయిపోయిన కార్డు చూపించేస్తారు. మనకి కావలసింది ఆ మధ్యలోదే కదా.

నేను డ్రాయింగ్ నేర్చుకోలేదు. మా అమ్మ టైలర్. విజయనగరంలో గంటస్తంభం వెనక సందులో ఎప్పటినుంచో జాకెట్లు, పరికిణీలు కుడుతోంది. అందుకే నా ఉద్దేశంలో ఈ కార్డు బొమ్మలు వేసేవాళ్ళ పని కాదు, కుట్టుపని. కత్తెర పట్టడం వస్తే చాలు.

పోయినేడు దసరా వెళ్ళాక మేం శ్రీకాకుళం నుంచి అమ్మావాళ్ళింటికి వెళ్ళాం. పైడితల్లి అమ్మవారి జాతరలో సోమవారం జరిగే తొలేళ్ళకి ముందు ఆదివారం అది. మంగళవారం సిరిమాను ఉత్సవం కాబట్టి ఊరంతా చుట్టాలే, అమ్మ మిషన్ పక్కన జాకెట్టు ముక్కల మూటలు, గుమ్మంలో "మాదయిందా అండీ" అంటూ జనం. ఆ హడావిడిలో మా అమ్మాయి కింద కూర్చుని వాళ్ళ అక్కకి, అంటే మా అక్క కూతురికి, ఓణీల ఫంక్షన్ కార్డు చేస్తోంది. గౌను కాదు, పరికిణీ ఓణీ. గులాబీ రంగు చార్టు మీద పరికిణీ అయిపోయింది, ఆకుపచ్చ గ్లేజు కాగితంతో ఓణీ అంటించబోతోంది. అమ్మ మిషన్ ఆపకుండానే ఓరకంట చూసి, "ఏటే గుంటా, మీ అక్కకి కుడి భుజం మీద ఓణీ ఏసేస్తన్నావు?" అంది. ఇది ఒప్పుకోలేదు. "ఎడమే కదా అమ్మమ్మా" అని కార్డుకి ఎడమ పక్కన వేలు పెట్టి చూపించింది.

అమ్మ అప్పుడు మిషన్ ఆపింది. పిల్లని ఎదురుగా నిలబెట్టి "నీ ఎడం చెయ్యెత్తు" అంది. ఎత్తింది. "నాకెటుంది?" కుడివైపు ఉంది. అంతే, ఇంకో మాట లేదు. కార్డంటే మనకి ఎదురుగా నిలబడిన పిల్ల. ఆ పిల్ల ఎడమ భుజం మనకి కుడివైపున వస్తుంది. ఇది తెలిశాక నేను ఇంటర్నెట్‌లో పరికిణీ ఓణీ కార్డుల బొమ్మలు వెతికి చూశాను, సగానికి సగం తిరగేసే ఉన్నాయి! మన బట్ట మనం ఎలా కట్టుకుంటామో కూడా చూసుకోకుండా వేసేవాళ్ళకి వేల లైకులు.

ఆ తరవాత అమ్మ చేసిన పని చూసి నాకు మతిపోయింది. మిషన్‌కి దారం తీసేసి, పాత సూది ఒకటి బిగించి, ఆకుపచ్చ కాగితాన్ని దాని కింద పెట్టి గీత గీసినట్టు తొక్కుకుంటూ పోయింది. దారం లేదు కాబట్టి వరసగా సన్నటి చిల్లులు పడ్డాయి. వేలి వెడల్పుకో వరస. ఆ వరసల మీద మడిస్తే కుచ్చిళ్ళు స్కేలు పెట్టినట్టు తిన్నగా వచ్చాయి, దగ్గరగా చూస్తే కుట్టులాగే కనిపించింది. పరికిణీ అంచు మీద కూడా ఒక వరస తొక్కితే జరీ పని చేసినట్టయింది. మీ ఇంట్లో మిషన్ ఉంటే ఇది తప్పకుండా చేయండి, కాకపోతే కాగితం తొక్కిన సూదిని మళ్ళీ బట్టకి వాడొద్దు, మొద్దుబారిపోయి దారాలు లాగేస్తుంది.

కుచ్చిళ్ళకి కాగితం ఎంత కావాలో అని కూడా చాలామంది తికమక పడతారు. ఒకదాని పక్కన ఒకటి ఆనించి మడతలు వేస్తే మూడింతలు పడుతుంది. 10 సెంటీమీటర్ల నడుముకి 30 సెంటీమీటర్ల పట్టీ. ఏ4 పొడవు 29.7 సెంటీమీటర్లు, ఇంచుమించు అంతే కాబట్టి ఒక షీటులో తేలిపోతుంది అనుకోండి. బట్టకైనా ఇదే లెక్క.

ఇక మీ గౌను సంగతి. ముందు 250 జీఎస్సెం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) మందం ఉన్న చార్టుని మధ్యకి మడిచి, మడత పైకి, భుజాల దగ్గరకి వచ్చేలా పెట్టి, గౌను ఆకారం గీసి రెండు పొరలూ కలిపి కత్తిరించండి. భుజాల మడత మాత్రం తెగకూడదు, మెడ వంపు వరకు తెగితే ఫర్వాలేదు. అప్పుడది బల్ల మీద నిలబడుతుంది కూడా. కుచ్చు పొరలకి మామూలు జిరాక్సు కాగితం మందం, 80 జీఎస్సెం, చాలు. పొరలకి కూడా చార్టే వాడితే నడుం దగ్గర లావైపోయి కార్డు మూసుకోదు.

కింది పొరతో మొదలుపెట్టి పైకి రావాలి. పై పొర కింది పొర గమ్ముని కప్పేస్తూ రావాలి. అన్నిటికంటే పైనున్న గమ్ముని ఒక బెల్టుతో మూసేస్తాం. మేమైతే పాత శుభలేఖ మీది బంగారు రంగు ముక్క కత్తిరించి వడ్డాణం పెట్టాం (శుభలేఖలు పారేయకండి, అంత మంచి కాగితం బజార్లో కొనాలంటే చేతి చమురు వదులుతుంది). ఇంకొకటి, పొరలకి తిన్నటి పట్టీలు కత్తిరించొద్దు. గౌను పైన సన్నం, కింద వెడల్పు కదా, తిన్నటి పట్టీ అయితే పై మూలలు పక్కలకి పొడుచుకొస్తాయి. స్టీలు కంచం అంచు పెట్టి వంపుగా గీయండి. మూడు పొరలు సరిపోతాయి. ఆరు పొరలు వేసి చూపించేవాళ్ళ కార్డు, గౌనులా కాదు, ఉల్లిపాయలా ఉంటుంది.

గమ్ము విషయంలో ఇంకో మాట. నీళ్ళ గమ్ము పల్చటి కాగితానికి రాస్తే తడికి ఉబ్బి ముడతలు పడుతుంది. మా వైపు అక్టోబరు ముసురులో అయితే మరీనూ, పెన్సిలుకి చుట్టిన వంపు కూడా తెల్లారేసరికి సాగిపోతుంది. గ్లూ స్టిక్కు వాడండి.

మెరుపుల ఫోమ్ షీట్లు మాత్రం వద్దండీ బాబూ. బడి పక్కన కొట్లో ఇప్పుడు అవే. గ్లేజు కాగితం అడిగితే వింతగా చూస్తారు. బళ్ళవాళ్ళేమో రాత్రి తొమ్మిదింటికి గ్రూపులో మెసేజ్ పెట్టి రేపటికి క్రాఫ్ట్ తెమ్మంటారు, తల్లులు కూర్చుని చేస్తారు, బహుమతి పిల్లకిస్తారు. ఆ పిల్లకి కత్తెర ఎటు పట్టుకోవాలో తెలీదు. మా అమ్మ ఓణీ ఎటు వెయ్యాలో చెప్పింది గానీ, అంటించింది మా అమ్మాయే.

ఎప్పుడూ గౌనే ఎందుకు అని కూడా నాకుంటుంది. మా శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు ఎంత దూరం? వాలుగ చేప దవడతో దూదిని ఏకి, సన్నటి నూలు వడికి నేసే ఖద్దరు అక్కడిది. తెల్లటి కాగితం పొరలు, ప్రతి పొర అంచుకీ ఎర్ర గీత, భుజం మీంచి కుచ్చిళ్ళ పమిట. ఇలా ఒక ఖద్దరు చీర కార్డు చేసి మీ నాయనమ్మకిచ్చి చూడండి. అది నా తరవాతి ప్రయత్నం, ఎవరైనా ముందే చేస్తే ఫొటో పెట్టండి.

పోస్టులో పంపేటట్టయితే తూకం చూసుకోండి. 250 జీఎస్సెం ఏ4 షీటు ఒక్కటే 15 గ్రాములు దాటుతుంది, పొరలూ కవరూ కలిస్తే 20 గ్రాముల మెట్టు దాటేస్తుంది, స్టాంపు ఎక్కువ అంటించాలి. కవర్లో నలిగిపోకుండా పొరల మీద ఒక పల్చటి అట్ట పెట్టండి. లోపల రాసే నాలుగు మాటలు మాత్రం కుచ్చులు అంటించకముందే రాసేయండి. అంటించాక తిరగేసి పెన్నుతో నొక్కారంటే మీరు కష్టపడి లేపిన పొరలన్నీ మళ్ళీ చదునైపోతాయి.