రంగస్థల నటుడు రేడియోకి వస్తే ఏం మారుతుంది? బందా సంగతేమిటి?

బందా కనకలింగేశ్వరరావు (1907-1968) వృత్తిరీత్యా ఏలూరులో వకీలు. పేరు తెచ్చింది మాత్రం రంగస్థలం. 'చింతామణి'లో బిల్వమంగళుడు, 'చిత్రనళీయం'లో బాహుకుడు ఆయనకు పేరుపడ్డ వేషాలు. సినిమా స్వల్పమే: 1936 నాటి 'ద్రౌపదీ మానసంరక్షణం'లో కృష్ణుడు వంటి కొద్ది వేషాలే. తర్వాత విజయవాడ ఆకాశవాణిలో నాటక ప్రయోక్తగా (ప్రొడ్యూసర్‌గా) పనిచేశారు. 1964లో నటనకు కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది.

ఇక మార్పు సంగతి. బాహుకుణ్ణే తీసుకోండి. కర్కోటకుడనే పాము కాటుతో రూపం మారిపోయి, వంటవాడిగా బతుకుతున్న నలమహారాజు. స్టేజీ మీద సగం పని మేకప్, నడక చేసిపెడతాయి. రేడియోలో వికారరూపం కనిపించదు; ఆ గొంతు వంటవాడిలా మాట్లాడుతూనే లోపలి రాజుని అక్కడక్కడా బయటపెట్టాలి. పైగా మైకు ముందు చివరి వరుసకి వినపడేలా అరిస్తే చెవులు పగులుతాయి. స్టేజీ మీద పనికిరాని గుసగుస, నిట్టూర్పు ఇక్కడ ప్రాణం. 'వన్స్‌మోర్' కొట్టేవాళ్లుండరు కాబట్టి రాగం సాగదీసినా లాభం లేదు, మాట స్పష్టంగా అందాలి. పద్యనాటకం వాళ్లకి అన్నిటికంటే కష్టమైంది ఇదేనని నా అభిప్రాయం.

కూచిపూడిలోని నాట్య శిక్షణాలయం సిద్ధేంద్ర కళాక్షేత్రం వెనకా బందా కృషి ఉంది. ఆ కథ ఇంకో జవాబుకి సరిపడేంత పెద్దది.