మళ్లీ నొక్కమనే ముందు

బిడ్డా,

నీవు కొండమల్లేపల్లిలో బ్యాంకు సేవా కేంద్రం తెరుస్తున్నావని మీ నాన్న నిన్న రాత్రి చెప్పాడు. మన ఇంటి ఆడపిల్ల బల్ల ముందు కూర్చుని పది ఊళ్లకు డబ్బు లెక్కపెట్టి ఇస్తుందంటే నాకు ఎంత గొప్పగా ఉందో రాయలేను. కానీ తెల్లవారుజామున మెలకువ వచ్చాక భయం పట్టుకుంది. ఫోనులో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. కూర్చుని చదువు.

ఓటీపీ ఎవరికీ చెప్పకూడదనీ, డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ను కొట్టే పనే లేదనీ నీకు తెలుసు. వీడియోలో పోలీసు దుస్తుల్లో కనిపించి "డిజిటల్ అరెస్టు" అన్నవాడి ఫోను మారు మాట్లాడకుండా పెట్టేయి. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు. నీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో ప్రభుత్వం వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైటులో అప్పుడప్పుడు చూసుకో. "నీ ఖాతా నెల రోజులు వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం" అని ఎవరైనా వస్తే, చిన్నప్పటి స్నేహితుడైనా సరే, గడప దిగమను. దొంగ సొమ్ము నీ ఖాతాలోంచి పోతే పోలీసులు ముందు నీ దగ్గరికే వస్తారు. ఈ ఒక్క దాంట్లో నా మీద ఒట్టు.

మీ అమ్మానాన్నల ఆధార్ వేలిముద్రలు లాక్ చేయించు. అవసరమైన రోజు తెరిచి మళ్లీ మూసుకోవచ్చు. 2018లో పెద్దపల్లి జిల్లాలో భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, వాటితో సిమ్ములు నడిపించినవాడు దొరికాడు. పత్రం మీద నొక్కిన ముద్ర ఎక్కడెక్కడికి పోతుందో నొక్కినవాళ్లకు తెలియదు.

నాకు ఆ సంగతి 2009లోనే తెలిసి ఉండాల్సింది. మీ నాన్నకు కూడా పూర్తిగా చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. బత్తాయి తోటకు నీళ్లు లేవు. వారం వారం కట్టే అప్పులిచ్చే కంపెనీలు ఊరూరా తిరుగుతున్న రోజులవి. ఐదుగురం కలిసి గ్రూపు కట్టాం. మనిషికి 10,000 రూపాయలు, వారానికి 230 చొప్పున 50 వారాలు. పదో తరగతి చదివింది నేనొక్కదాన్నే కాబట్టి నన్నే లీడరును చేశారు. రేషన్ కార్డు జిరాక్సులు, ఫొటోలు అన్నీ నా చేతికే ఇచ్చారు. కంపెనీ కుర్రవాడు బండి మీద వచ్చేవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. మంచినీళ్లు అడిగి తాగేవాడు. మొదటి రోజు కాగితం మొత్తం చదివి, అందరికీ వినిపించి ముద్రలు వేయించాను. మూడో రోజు మళ్లీ వచ్చాడు. "ముద్రలు సరిగ్గా పడలేదక్కా, ఇంకోసారి కావాలి" అన్నాడు. పొయ్యి మీద అన్నం ఉంది. కాగితంలో గళ్లన్నీ ఖాళీగా ఉన్నాయి. చూశాను బిడ్డా, చూసి కూడా అడగలేదు. నేనే ఇంటింటికీ తిరిగి నలుగురి బొటనవేళ్లకు సిరా రాసి నొక్కించాను.

రెండు నెలలకు వేరే కంపెనీ మనిషి వాకిట్లో నిలబడ్డాడు. ఐదుగురి పేర్ల మీద ఇంకో 50,000 ఉందన్నాడు. ముద్రలు మావే, ఫొటోలు మావే. కుర్రవాడి ఫోను మూగబోయింది. రెండు అప్పులూ మేమే కట్టాం. నేను పుస్తెలతాడు అమ్మి ఇద్దరి వాయిదాలు కట్టాను. తండా నుంచి వచ్చే ముసలామె మాత్రం నన్ను ఒక్క మాట అనకుండా కాళ్ల కడియాలు కుదువ పెట్టింది. అవి మళ్లీ ఆమె కాళ్లకు రాలేదు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ కంపెనీలకు కళ్లెం వేసేసరికి మా వారాలు అయిపోయాయి.

ఇప్పుడు నీ బల్ల మీద సిరా డబ్బా ఉండదు, వేలు పెట్టే చిన్న యంత్రం ఉంటుంది. మాట మాత్రం అదే. "ముద్ర పడలేదు, మళ్లీ నొక్కమ్మా" అని రెండుసార్లు డబ్బు తీసి, ఒకసారిది చేతిలో పెట్టేవాళ్లు ఉన్నారు. నీవు అలా చేస్తావని కాదు. నిన్ను ఆ మాట ఎవరూ అనకూడదు, నీ దగ్గర పనికి పెట్టుకునే పిల్లవాడికి ఆ ఆశ పుట్టకూడదు. వేలు పెట్టించే ముందు ఎంత తీస్తున్నావో గట్టిగా చెప్పు. ముద్ర పడకపోతే యంత్రంలోంచి వచ్చిన చీటీ చూపించి, ఖాతాలో డబ్బు అలాగే ఉందని చూసి, అప్పుడే రెండోసారి అడుగు. చదువురాని వాళ్లకు చీటీ చదివి వినిపించు. వరుసలో ఇరవై మంది ఉన్నా సరే, అన్నం మాడినా సరే.

ఎవరి ఆధార్ జిరాక్సూ నీ దగ్గర ఉంచుకోకు. తప్పదంటే ఏ పనికో, ఏ తేదీనో దాని మీద అడ్డంగా రాయించు. డబ్బు పోయిందని ఎవరైనా ఏడుస్తూ వస్తే ముందు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోను చేయించు, ఓదార్పు తర్వాత. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు అంత దగ్గరలో ఆగుతుంది. ఆ నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించు, రంగు డబ్బులు నేనిస్తాను.

ఇంకొకటి. కడియాల ముసలామె ఇప్పుడూ ఉంది. పింఛను డబ్బుకు నీ దగ్గరికే రావాలి, వేరే చోటు దూరం. పత్తి ఏరీ ఏరీ ఆమె వేళ్ల గీతలు అరిగిపోయాయి, యంత్రం ఒక పట్టాన ఒప్పుకోదు. తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, ఒక్కో వేలూ చూడు. కుర్చీ వెయ్యి. నేను నీకు ఏమవుతానో ఆమెకు చెప్పకు.

మీ అత్త